అక్కులప్ప వంతు

అక్కులప్పకు ఆ రాత్రి కన్ను మూతపడలేదు. తెల్లవారగానే మొహం కూడా కడుక్కోకుండా సామి అరుగు ముందు వచ్చి నిలబడ్డాడు.

"సామీ, నిన్న పున్నమి పాట నాది. నా వంతులో బయన్న పాడినాడు."

గొంగళి సామి శెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఎండైనా వానైనా భుజం మీద నల్ల గొంగళి దిగదు కాబట్టి ఊళ్ళవాళ్ళు ఆ పేరు పెట్టుకున్నారు. అసలు పేరేమిటో ఎవరూ అడగలేదు. అడగనిది చెప్పే అలవాటు ఆయనకు లేదు.

"ఊఁ," అన్నాడు సామి.

"మీరు ఎదురుగానే కూచోనుంటిరి. వంతు వానిది కాదని మీకు తెల్దా?"

"తెలుసు."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు సామీ?"

"నన్నెవరూ అడగలేదు."

అక్కులప్ప బాధ అర్థం కావాలంటే ఆ పాట సంగతి తెలియాలి.

అనంతపురం వైపు ఒక గుట్ట కింద ఉంటుంది ఆ ఆశ్రమం. ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోవద్దు. నాలుగు రేకుల గదులు, ఒక వంటసాల, సామిగారి గురువు సమాధి. ప్రతి పున్నమి సాయంత్రం శిష్యుల్లో ఒకరు సమాధి ముందు కూర్చుని, తంబుర మీటుకుంటూ, పెద్ద గురువు కట్టిన తత్వం పాడాలి. పాట ఎప్పుడూ అదొక్కటే, పాడేవాళ్ళు మారతారు. ఉపదేశం తీసుకున్న వరసలో ఒకరి తర్వాత ఒకరు. శిష్యులు తొమ్మిదిమంది. తొమ్మిదోవాడు పాడాక మళ్ళీ మొదటివాడు.

ఆ తొమ్మిదోవాడు అక్కులప్ప. మొదటివాడు బయన్న.

ఆశ్రమానికి రాకముందు అక్కులప్ప ఆర్టీసీలో కండక్టరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అరవడమే పని. ముందుకు జరగండి, మెట్ల మీద నిలబడొద్దు, హోల్డాన్, రైట్ రైట్. పెళ్ళాం పోయిన ఏడు, ఖాళీ ఇంట్లో తనలో తాను మాట్లాడుకున్నా అరుపే వస్తోందని గమనించి భయపడ్డాడు. ఇంత అరిచిన గొంతుతో చచ్చేలోపల ఒక్కసారి పాడితే చాలనిపించింది. అందుకే శిష్యుడయ్యాడు. తన వంతు వచ్చేదాకా నెలల తరబడి గుట్ట మీదికి పోయి, మేకలకు వినిపిస్తూ ఆ తత్వం నేర్చుకున్నాడు. మేకలు మొదట్లో లేచిపోయేవి. పోనుపోను అలవాటు పడ్డాయి.

తీరా ఆ పున్నమి వచ్చింది. తంబుర సమాధి ముందు పెట్టారు. సామి వచ్చి కూర్చున్నాడు. అక్కులప్ప లేడు.

ఎక్కడున్నాడంటే, గేటు దగ్గర. పున్నమికి చుట్టుపక్కల పల్లెల జనం సంగటి, ఊరిబిండి పచ్చడి తినడానికి వస్తారు. వచ్చినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతుంటే అక్కులప్పకు చెయ్యి ఊరుకోలేదు. పనిగట్టుకుని పోయి వరస కట్టించాడు. మధ్యలో దూరినవాణ్ణి చెయ్యి పట్టుకుని చివరికి పంపాడు. అలవాటు కొద్దీ "చిల్లర తీసి పెట్టుకోండి" అని కూడా అన్నాడు. సంగటికి చిల్లరెందుకు నాయనా అని ఒక ముసలమ్మ అడిగింది కూడా. ఆమెకు జవాబు చెప్తున్నప్పుడే వెనకనుంచి పాట ఆఖరి చరణం వినపడింది.

పరిగెత్తుకు పోయేసరికి బయన్న పాట ముగించి దండం పెట్టుకుంటున్నాడు.

"సామి ఎదురు చూస్తాండాడు, తంబుర ఊరికే పండుకోనుండాది. నీ వెనక వంతు ఎట్లా నాదే కదా అని మొదలుపెడితిని అక్కులప్పా," అన్నాడు బయన్న. అతనిది గొర్రెలు కాసిన చెయ్యి. మనసులో ఏమీ దాచుకునే మనిషి కాదు. పాటలో మూడో చరణం మటుకు అతనికి ఏనాడూ గుర్తుండదు. ఆ చరణం మింగేసి పాడడం ఆశ్రమంలో అందరికీ అలవాటైన సంగతే.

ఇదీ అక్కులప్పకు జరిగిన అన్యాయం.

"ఇప్పుడు నేనడుగుతాండా సామీ," అన్నాడు అరుగు ముందు చేతులు కట్టుకుని. "వాని పాట చెల్లదని చెప్పండి. వంతు తప్పినోనికి ఏం దండన వేస్తారో వేయండి."

సామి చివరి శెనక్కాయ నోట్లో వేసుకున్నాడు. భుజం మీది గొంగళి తీసి అక్కులప్ప చేతిలో పెట్టాడు.

"ఆదివారం ఆట ఉండాది. దులిపి ఎండలో వెయ్యి," అన్నాడు.

ఆ ఆట సంగతి కూడా చెప్పాలి. కొన్ని నెలల కిందటిదాకా పక్క ఊరి బడిలో ఆటల అయ్యవారు ఒకాయన ఉండేవాడు. బదిలీ మీద పోతూ పోతూ ఒక గోతం తెచ్చి ఆశ్రమంలో పడేసి పోయాడు. విప్పి చూస్తే గుండ్రటి కర్రలు, తోలు చేతితొడుగులు, ఎర్ర కుట్ల బంతులు, అడుగున ఒక నియమాల పుస్తకం. బేస్‌బాలు సామాను. వంటసాలకు పనికిరాదు, పూజకు పనికిరాదు. సామి దేన్నీ పారేయనివ్వడు. పుస్తకం తీసుకుపోయి ఓపిగ్గా చదివాడు. చదివి, "తొమ్మిదిమందే కావల్లంట," అన్నాడు. అంతే, శిష్యులు ఆటగాళ్ళయిపోయారు.

ఎనుములదొడ్డి కుర్రకారు వీళ్ళకు పోటీ. తీర్పరి సామే. దానికి ఎనుములదొడ్డివాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఆయన ఎవరి పక్షాన మాట్లాడతాడన్న భయం లేదు, అసలు మాట్లాడితే కదా. బంతి పట్టేవాడి వెనక గొంగళి గుండెలకు చుట్టుకుని నిలబడతాడు. తప్పిపోయిన బంతి వచ్చి తగిలినా చలించడు. ఆడేవాడు అవుటైతే వేలెత్తుతాడు. పరుగు దారిలో మూడు గట్లు, అంటే బేసులు, ఉంటాయి. పరిగెత్తినవాడు బంతికన్నా ముందు గట్టు చేరితే రెండు అరచేతులూ నేలవైపు బోర్లించి పక్కలకు చాపుతాడు. సేఫ్ అని అర్థం. ఆ మాటను నోటితో అనగా విన్నవాడు లేడు.

మన క్రికెట్‌లో కెప్టెను ఎవరిని పంపితే వాడు దిగుతాడు. ఇందులో అట్లా కుదరదు. మొదట ఏ వరస చెప్తే చివరిదాకా ఆ వరసలోనే రావాలి. ఆశ్రమంవాళ్ళకు కొత్తగా వరస కట్టుకునే శ్రమ లేదు. పాటకున్న వరసే ఆటకూ. మొదటివాడు బయన్న, చివరివాడు అక్కులప్ప, మళ్ళీ బయన్న.

ఆశ్రమం ఇంతవరకూ ఒక్క ఆటా గెలవలేదు. గెలవాలని సామి ఎప్పుడూ అనలేదు కానీ, శిష్యులకు మాత్రం ఎనుములదొడ్డివాళ్ళ నవ్వులు వినీ వినీ విసుగొచ్చింది. సన్యాసులకు కూడా కొంచెం పౌరుషం ఉంటుంది.

ఆదివారం ఆట ఆఖరి దశకు వచ్చేసరికి ఎవరూ అనుకోనిది జరిగేటట్టు కనిపించింది. ఆశ్రమం ఒక్క పరుగు వెనకబడి ఉంది. ముగ్గురు అవుటయ్యేదాకా ఆట సాగుతుంది, ఇంకా ఒక్కడే అయ్యాడు. ఏడోవాడు, ఎనిమిదోవాడు గట్ల మీద కాలు మోపి ఉన్నారు. వాళ్ళిద్దరూ తిరిగి మొదలైన చోటికి, అంటే ఇల్లు అని పిలుచుకునే పలక దగ్గరికి చేరితే ఆట ఆశ్రమానిదైనట్టే. రావలసినవాడు తొమ్మిదోవాడు.

తొమ్మిదోవాడు గీత దగ్గర ఉన్నాడు. ఆట రసపట్టులో ఉందని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా గీత దాటి ముందుకు తోసుకొస్తున్నారు. వాళ్ళతో రెండు పాడి ఎనుములు కూడా వచ్చాయి. అక్కులప్ప రెండు చేతులూ చాపి, మైదానానికి వీపు పెట్టి, వాళ్ళను వెనక్కి నెడుతున్నాడు. "లోపలికి జరగండప్పా. లోపల ఎంత జాగా ఉండాదో చూడండి. ఏమమ్మా, ఎనుమును పట్టుకో."

పలక దగ్గర సామి ఎండలో నిలబడి ఉన్నాడు. బంతి విసిరేవాడు ఎదురు చూస్తున్నాడు. కర్ర నేల మీద పడి ఉంది.

బయన్న అటూ ఇటూ చూశాడు. సామిని ఎండలో నిలబెట్టడం అతనికి బాగనిపించలేదు. పోయి కర్ర అందుకున్నాడు.

సామి చూశాడు. ఏమీ అనలేదు.

బంతి వచ్చింది. బయన్న దోటితో చింతకాయలు రాల్చినట్టు ఒక్క ఊపు ఊపాడు. బంతి ఎనుములదొడ్డివాళ్ళ తలల మీదుగా పోయి కందిచేలో పడింది. గట్ల మీదున్న ఇద్దరూ పంచెలు ఎగ్గట్టి పరిగెత్తి ఇల్లు చేరారు. సామి అరచేతులు పక్కలకు చాపాడు, రెండుసార్లు. బయన్న రెండో గట్టు మీద రొప్పుతూ నిలబడ్డాడు. ఆశ్రమం ఒక పరుగు ముందుకొచ్చింది. వంటసాలలోంచి పరిగెత్తుకొచ్చి గరిటె ఎగరేసిన శిష్యుడు కూడా ఉన్నాడు.

ఆ కేకలకు అక్కులప్ప వెనక్కి తిరిగాడు. రెండో గట్టు మీద బయన్న. అతని వెనక రావలసిన రెండో శిష్యుడు అప్పటికే కర్ర పట్టుకుని పలక దగ్గరికి వచ్చేశాడు. బంతి విసిరేవాడు చెయ్యి వెనక్కి లాగాడు.

ఆ ఒక్క బంతి పడి ఉంటే అంతా సర్దుకుపోయేది. తర్వాతి బంతి పడేలోపల ఎదుటి జట్టు అడగాలి. అడగకపోతే తప్పు వంతే సరైన వంతయిపోతుంది. ఎనుములదొడ్డివాళ్ళలో ఒక్కడూ గమనించలేదు. తీర్పరి తనంతట తాను చెప్పకూడదు. అది ఆ పుస్తకంలోని నియమం. సామికి ఆ ఆట నచ్చింది ఆ నియమం చూసేనని కొందరంటారు.

"హోల్డాన్," అని అరిచాడు అక్కులప్ప.

జిల్లా అంతా విన్న గొంతు అది. బంతి విసిరేవాడి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అక్కులప్ప మైదానం మధ్యలోకి పరిగెత్తుకొచ్చాడు.

"సామీ, మళ్ళా అదే పని చేసినాడు చూడండి. ఈ వంతు నాది. వాడు నా వంతులో వచ్చి కొట్టినాడు. అవుటియ్యండి."

సామి గుట్ట మీదికి చూస్తూ నిలబడ్డాడు. సొంత జట్టువాడు అడిగితే లెక్కలోకి రాదు మరి.

తోటి శిష్యులు కళ్ళతో సైగలు చేశారు. ఒకతను చెంప కూడా కొట్టుకున్నాడు. అక్కులప్పకు అవేవీ కనపడలేదు. ఎనుములదొడ్డి కెప్టెను తిప్పన్నకు మాత్రం అన్నీ కనపడ్డాయి. మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు.

"వాళ్ళ మనిషే చెప్తాండాడు కదా సామీ, వంతు తప్పిందని. అట్లయితే మేం అడుగుతాండాం," అన్నాడు.

సామి గుట్టమీది నుంచి చూపు దించి, వేలెత్తాడు.

రెండో గట్టు మీద బయన్న తల వంచుకుని బయటికి నడవబోయాడు. అక్కులప్పకు పున్నమినాటి నుంచీ గుండెల్లో ఉన్న బరువు దిగినట్టయింది. న్యాయమనేది ఉంది, కాకపోతే అడగాలి అనుకున్నాడు.

సామి వేలు బయన్న వైపు పోలేదు. తిరిగి తిరిగి అక్కులప్ప ముందుకొచ్చి ఆగింది.

"నువ్వు అవుట్."

అక్కులప్ప వెనక్కి తిరిగి చూశాడు, వెనక ఎవరైనా ఉన్నారేమోనని. ఎనుములు ఉన్నాయి.

"నేనా? నేను బ్యాటే ముట్టుకోలేదు కదా సామీ."

"అందుకే," అన్నాడు సామి.

ఇల్లు చేరిన ఇద్దరినీ సామి మళ్ళీ గట్ల మీదికి పంపాడు. వచ్చిన పరుగులు పోయాయి. తర్వాత బయన్నను వేలితో పిలిచాడు.

"రా. కొట్టు."

"కొడితిని కదా సామీ, ఇప్పుడే."

"అది లేదు. అక్కులప్ప అవుట్. అక్కులప్ప వెనక వంతు ఎవరిది?"

"నాదే."

"రా మరి."

బయన్న బుర్ర గోక్కుంటూ వచ్చి కర్ర అందుకున్నాడు. కొట్టిందాన్నే మళ్ళీ కొట్టమంటే మనిషికి చేతులాడవు. మూడు బంతులకీ గాలిని కొట్టాడు. సామి వేలెత్తాడు. ఎనుములదొడ్డివాళ్ళు గంతులేస్తూ పోయారు, ఎనుములను తోలుకుని.

ఆ సాయంత్రం వంటసాలలో ఎవరూ అక్కులప్పను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదని అతనికి అనిపించింది. సంగటి ముద్ద ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. బయన్న మాత్రం పక్కకు జరిగి, "దెబ్బ మటుకు బాగా తగిలింది కదా అక్కులప్పా, ఆ మొదటిది," అన్నాడు సంతోషంగా.

అక్కులప్ప లేచి సామి దగ్గరికి పోయాడు. సామి గొంగళికి అంటిన దుమ్ము దులుపుకుంటున్నాడు.

"సామీ, పున్నమి పాట సంగతి మిమ్మల్ని అడిగితి కదా."

"అడిగితివి."

"ఇంకో పున్నమి రాకముందే అడిగితి."

"ముందే అడిగితివి."

"అయితే వచ్చే పున్నమికి..." అక్కులప్ప ఆగిపోయాడు. మైదానంలో పడిన తీర్పునే పాటకూ పెట్టి లెక్క మనసులోనే వేసుకున్నాడు. టిక్కెట్ల లెక్క ఎన్నడూ తప్పనివాడు, ఇదీ తప్పలేదు. "బయన్న పాడల్ల."

"ఊఁ."

తన వంతు మళ్ళీ తిరిగొచ్చేసరికి ఎన్ని పున్నములు పోవాలో అనుకుంటే అక్కులప్పకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజంగానే ఏడుపొచ్చింది. గుట్ట మీద మేకలు మాత్రమే విన్న పాట అది.

మళ్ళీ పున్నమి వచ్చింది.

ఎండ తగ్గేసరికి పల్లెల జనం రావడం మొదలైంది. తంబుర సమాధి ముందు పెట్టారు. సామి వచ్చి కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. బయన్న మెడకు తువ్వాలు చుట్టుకుని అక్కులప్ప దగ్గరికి వచ్చాడు.

"గొంతు పట్టేసినాది అక్కులప్పా. నువ్వు పోయి పాడు."

అక్కులప్ప అతని మొహంలోకి చూశాడు. పొద్దున్నే గొర్రెల మీద అరిచిన అరుపు గుట్ట అవతలికి వినిపించింది. బయన్నకు అబద్ధం చేతకాదు. తువ్వాలు కూడా సరిగ్గా చుట్టుకోలేదు.

సమాధి ముందు జాగా ఖాళీగా ఉంది. పది అడుగులు వేస్తే చాలు. అడిగేవాడు లేడు, సామి తనంతట తాను చెప్పేవాడు కాదు. తర్వాతి పున్నమి వచ్చేస్తే అదే సరైన వంతు కూడా అయిపోతుంది. అక్కులప్ప కాలు ఒకటి ముందుకు పడింది కూడా. అక్కడే ఆగింది.

"లేదు బయన్నా," అన్నాడు. "నేను పోయి పాడితే అవుటయ్యేది నువ్వు."

బయన్నకు సగమే అర్థమైంది. అక్కులప్ప అతని మెడ నుంచి తువ్వాలు తీసి భుజాన వేశాడు. వీపు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తోశాడు.

"పో. నీ వంతు. రైట్, రైట్."

ఆ రెండు మాటలను అక్కులప్ప అంత చిన్నగా అనడం ఎవరూ వినలేదు.

బయన్న తంబుర అందుకున్నాడు. అక్కులప్ప పోయి ముందు వరసలో, సమాధికి ఎదురుగా కూర్చున్నాడు. ఆ జాగాలో కూర్చోవడం అతనికి అదే మొదటిసారి. ప్రతి పున్నమికీ అతను గేటు దగ్గరే ఉండేవాడు.

ఇల్లు విడిచి పోతిని, నే
నింటికేగా వస్తిని...

బయన్న గొంతు కీచుగా ఉంది. తాళం కూడా గొర్రెల మందలాగా అటూ ఇటూ పోతోంది. మొదటి చరణం అయింది. రెండో చరణం అయింది. మూడో చరణం దగ్గర ఎప్పటిలాగే బయన్న నోరు తెరిచి ఆగిపోయాడు. ఈసారి మింగేసి ముందుకు పోలేదు. ఎందుకో మరి, తంబుర మీటుతూనే అక్కులప్ప వైపు చూశాడు.

గేటు దగ్గర తోపులాట మొదలైంది. చెంబు ఒకటి దొర్లుకుంటూ పోయిన చప్పుడైంది. ఎవరో వచ్చి అక్కులప్ప భుజం తట్టి, "అన్నా, లైన్లో మధ్యలో దూరుతాండారు. వచ్చి చూడు," అన్నారు.

అక్కులప్ప తల తిప్పలేదు. కూర్చున్నచోటు నుంచే, బయన్నకు అందేంత గొంతుతో ఆ చరణం అందించాడు.

మూడు మలుపులు తిరిగినాక
మొదటి గడపే తగిలెను...

గొంతు అక్కడక్కడా బొంగురుపోయింది. ఆర్టీసీ గొంతు కదా. కానీ అది అరుపు కాదు. బయన్న ఆ మాటలు అందుకుని, నవ్వుకుంటూ, పాట చివరిదాకా తీసుకుపోయాడు.

సామి కళ్ళు తెరవలేదు. ఒళ్ళో ఉన్న అరచేతులు రెండూ నెమ్మదిగా లేచి, నేలవైపు బోర్లబడి, పక్కలకు చాపుకున్నాయి.

అక్కులప్ప చూశాడు.